పైప్‌లైన్ కంపెనీకి మారే ముందు

బెజవాడలో క్రెడిట్ ఎనలిస్టు ఉద్యోగం వదిలి మిడ్‌స్ట్రీమ్‌కి (చమురు, గ్యాస్ రవాణా చేసే కంపెనీలకి) పోదామనుకునేవాళ్లు, రాజీనామా పెట్టే ముందు చూసుకోవాల్సినవి:

- ఇక్కడ ఆదాయం ప్రధానంగా చమురు ధర మీద కాదు, రవాణా టారిఫ్ (రుసుము) మీద. దాన్ని ఖరారు చేసేది పీఎన్‌జీఆర్‌బీ (పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు). గ్యాస్‌కి 2023 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత టారిఫ్ (కలిసి ఉన్న పైప్‌లైన్లన్నిటికీ ఉమ్మడిగా లెక్కేసేది) అమల్లోకొచ్చింది. ఒక్క టారిఫ్ ఉత్తర్వైనా చదవకుండా ఇంటర్వ్యూకి వెళ్లకండి.
- లైన్ సామర్థ్యమెంత, పారేదెంత? సరుకు పంపకపోయినా షిప్పర్ (లైన్‌లో సరుకు పంపే కంపెనీ) డబ్బు కట్టాలా? ఒప్పందంలో ముందు ఆ షరతు వెతకండి.
- ఓ పూట కొండపల్లి పెట్రోలు టెర్మినల్‌కి వెళ్లిరండి. విశాఖ నుంచి సికింద్రాబాద్ పోయే పెట్రోలు, డీజిల్ పైప్‌లైన్ మన బెజవాడ మీదుగానే పోతుంది. అయినా టెర్మినల్ నుంచి బంకుకి ట్యాంకర్ లారీయే దిక్కు. ఆ ఖర్చు లెక్కేయడం చాలామంది మరిచిపోతారు.
- 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలింది. భద్రత ఖర్చుని 'ఇతరములు' కింద తోసేయకండి.
- పోస్టింగ్ నోయిడానో ముంబైయో కావచ్చు. ఇంట్లో ముందే చెప్పండి.