స్నేహితులతో ఒక్క రోజులో వైజాగ్ చూడాలంటే భీమిలి నుంచి మొదలుపెట్టండి

సెలవులకి వైజాగ్ వచ్చే గ్యాంగుల్లో చాలామంది పొద్దున్నే ఆర్కే బీచ్‌కి వెళ్లి, పదింటికల్లా ఎండకి డీలా పడి, మధ్యాహ్నమంతా గదిలో ఏసీ వేసుకుని పడుకుంటారు. మీరు అలా చేయకండి. ముందు దూరంగా ఉన్న భీమిలికి వెళ్లిపోయి, అక్కణ్నుంచి సముద్రం పక్కనే ఆగుతూ ఆగుతూ సాయంత్రానికి ఆర్కే బీచ్ చేరండి.

మన సముద్రం తూర్పున ఉంది కదా, సూర్యుడు నీళ్లలోంచి పైకొస్తాడు, సాయంత్రం కొండల వెనక్కి దిగిపోతాడు. సన్‌సెట్ ఫొటోల మీద ఆశ పెట్టుకున్న హైదరాబాద్ ఫ్రెండ్స్‌కి ఈ మాట రాత్రే చెప్పేసి, తెల్లవారుజామునే లేపండి. నలుగురైదుగురుంటే కారు మాట్లాడుకోవడమే సుఖం. కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదంటే రుషికొండ మీదుగా వెళ్లే 900కె బస్సు ఉంది. భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోట కాసేపు కూర్చోండి, డచ్చివాళ్ల సమాధులు చూడండి, వేడి ఇడ్లీ తినండి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరది.

తిరిగొచ్చేటప్పుడు ఎండ ముదరకముందే తొట్లకొండ ఎక్కండి. దీన్ని మాత్రం వదలొద్దు. బౌద్ధ భిక్షువులు నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరొచ్చింది. 1976లో నేవీ వాళ్లు విమానంలో సర్వే చేస్తుంటే ఇక్కడి బౌద్ధ శిథిలాలు బయటపడ్డాయి. పైనుంచి సముద్రం చూస్తే మీ గ్యాంగులో ఎంత వాగుడుకాయ అయినా రెండు నిమిషాలు మాట్లాడడు.

రుషికొండలో నీళ్లలో దిగండి, కానీ మోకాళ్ల లోతు దాటొద్దు. ఒకసారి మావాడొకడు ఆ లోతులోనే, అల వెనక్కి లాగితే, కాళ్ల కింద ఇసుక జారి పడిపోయాడు. ఇద్దరం చేతులు పట్టుకుని లాగాం. గార్డు విజిల్ వేస్తే వెంటనే బయటికి రావాల్సిందే, ఇందులో మొహమాటం లేదు.

మధ్యాహ్నం వంజరం చేప వేపుడుతో భోజనం, కాస్త నడుం వాల్చడం. నాలుగింటికి కైలాసగిరి. రోప్‌వేలోంచి బీచ్ రోడ్డు వంపు కనిపిస్తుంది, ఫోన్లు చేతిలో ఉంచుకోండి.

తర్వాత ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా మార్చిన జలాంతర్గామి ఐఎన్ఎస్ కుర్సురా. సోమవారం సెలవు, కాబట్టి ప్లాన్ వేసేటప్పుడే వారం చూసుకోండి. 1969 నుంచి 2001 వరకు ఇది నేవీలో పనిచేసింది. లోపల గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి, అందుకే పెద్ద బ్యాగులు కారులోనే వదిలేయండి. చూపించేవాళ్లలో రిటైరైన నేవీవాళ్లుంటారు, వాళ్లని అడగండి, నావికులు అంత ఇరుకులో ఎలా పడుకునేవాళ్లో చెప్తారు. ఓపికుంటే ఎదురుగానే మ్యూజియంగా పెట్టిన నేవీ టీయూ-142 విమానం కూడా చూడండి.

డబ్బులన్నీ పొద్దున్నే ఒకరి దగ్గర వేసేయండి, లెక్కలు రాత్రికి. అన్నీ అయ్యాక బీచ్ ఇసుకలో కూర్చుని మురీ మిక్చర్ తినండి. ఉల్లిపాయ, నిమ్మరసం ఎక్కువ వేయమని చెప్పండి, మనిషికో పొట్లం తీసుకోండి, ఒకటి ఇద్దరికి చాలదు.