ఓఎస్ మార్చే ముందు పెద్ద ప్యాకెట్‌తో పింగ్ కొట్టి చూడండి

కంప్యూటర్‌లో డెబియన్ అనే లినక్స్ వేసి దాన్నే రూటర్‌గా పెట్టారు, నెట్ సరిగా రాలేదు. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఓఎస్‌కి మారారు, మళ్లీ అదే గోల. ఇప్పుడు అదే కుటుంబంలోని ఓపెన్‌బీఎస్‌డీ పెట్టమంటారా అని అడుగుతున్నారు. వద్దు, ముందు లక్షణం చూడండి.

లక్షణం: రూటర్‌లో నెట్ వస్తోంది, వెనకున్న మెషిన్లకు రావట్లేదు.
ఫార్వర్డింగ్, అంటే ఒకవైపు వచ్చిన ప్యాకెట్లను మరోవైపుకు పంపడం, ఆన్ చేశారా? లినక్స్ కెర్నెల్‌లోనూ బీఎస్‌డీల్లోనూ అది మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. రీబూట్ అయ్యాక కూడా నిలిచేలా పెట్టారో లేదో చూసుకోండి, ఆ తర్వాత నాట్ రూల్ (వెనకున్న మెషిన్లు రూటర్ చిరునామాతో బయటికి వెళ్లేలా చేసేది) చూడండి. ఇంత చిన్న విషయం చూడకుండా డిస్క్ ఫార్మాట్ చేసేవాళ్లని చూసి చూసి విసుగొచ్చింది.

లక్షణం: అప్‌డేట్ చేయబోతే రిపో (ప్యాకేజీలు దించుకునే సర్వర్) దొరకట్లేదంటోంది.
సెంటోస్ అనే లినక్స్ 7వ వెర్షన్ సపోర్ట్ గడువు 2024 జూన్ 30తో అయిపోయింది. సెంటోస్ లినక్స్ 8ది ఇంకా ముందే, 2021 డిసెంబర్ 31న. ఇక్కడ మాత్రం ఓఎస్ మార్చాల్సిందే. ఆల్మా, రాకీ, డెబియన్, ఏదైనా సరే, సపోర్ట్ ఎప్పటిదాకా ఉందో చూసి తీసుకోండి.

లక్షణం: పింగ్ (అవతలి మెషిన్ పలుకుతుందో లేదో చూసే ప్యాకెట్) వెళ్తుంది. కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తిరుగుతూనే ఉంటాయి. ఎస్ఎస్‌హెచ్‌లో (దూరంలోని మెషిన్‌లో కమాండ్లు నడిపే పద్ధతి) లాగిన్ అవుతుంది కానీ పెద్ద ఫైల్ లిస్ట్ అడగ్గానే బిగుసుకుపోతుంది.
అసలు దొంగ ఇదే. డీఎన్ఎస్ (సైట్ పేరుకు చిరునామా వెతికేది) అనుకుంటారు, ఫైర్‌వాల్ అనుకుంటారు, చివరికి ఓఎస్ మీద పడతారు. కారణం ఎంటీయూ, అంటే దారిలో పట్టే ప్యాకెట్ గరిష్ఠ సైజు. ఈథర్నెట్‌లో ప్యాకెట్ 1500 బైట్ల దాకా పోతుంది. పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే బ్రాడ్‌బ్యాండ్) కనెక్షన్‌లో 8 బైట్లు దాని హెడర్లకే ఖర్చవుతాయి, మిగిలేది 1492. వైర్‌గార్డ్ వీపీఎన్ టన్నెల్‌లో మామూలుగా 1420. ఇంతకన్నా పెద్ద ప్యాకెట్ వస్తే దారిలోని రూటర్ ‘పట్టదు, తగ్గించి పంపు’ అని ఐసీఎంపీ (నెట్‌వర్క్‌లో ఇలాంటి కబుర్లు చేరవేసే ప్రోటోకాల్) ద్వారా కబురు పెట్టాలి. సెక్యూరిటీ పేరుతో ఎవరో ఐసీఎంపీ మొత్తం బ్లాక్ చేసి ఉంటారు, ఆ కబురు చేరదు. అవతలి సర్వర్ అదే సైజు ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతుంది, అది దారిలోనే పోతుంది. చిన్న ప్యాకెట్లకు ఏ అడ్డూ లేదు కాబట్టి మామూలు పింగ్ బాగానే కనిపిస్తుంది.

పరీక్ష: వెనకున్న మెషిన్ నుంచి, ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దనే ఆప్షన్‌తో 1472 సైజు పింగ్ కొట్టండి. హెడర్ల 28 కలిపితే 1500. అది పోకుండా 1464 పోతే మీ దారి 1492 అన్నట్టు.

పరిష్కారం: రూటర్‌లో ఎంఎస్ఎస్ క్లాంప్ (ఒక్కో టీసీపీ ప్యాకెట్‌లో డేటా ఇంతకు మించకుండా పెట్టే హద్దు) పెట్టండి. 1492కి ఐపీవీ4లో 1452, ఐపీవీ6లో 1432. లినక్స్‌లో ఎన్ఎఫ్‌టేబుల్స్ ఫైర్‌వాల్ ఫార్వర్డ్ చైన్‌లో, బీఎస్‌డీల్లో పీఎఫ్ ఫైర్‌వాల్ స్క్రబ్ రూల్‌లో రాయాలి. ఇది టీసీపీకే పనిచేస్తుంది కాబట్టి ఇంటర్‌ఫేస్ ఎంటీయూ కూడా సరిచేయండి. మీ వైపు ఐసీఎంపీని మూసేయకండి. ఐపీవీ6లో దారిలోని రూటర్లు ప్యాకెట్‌ను అసలు ముక్కలు చేయవు, అక్కడ ఆ కబురు లేకపోతే ఇంకా ఇబ్బంది.

వర్చువల్ మెషిన్లలో అరుదుగా చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ (ప్యాకెట్ సరిచూసే లెక్కను నెట్‌వర్క్ కార్డుకు అప్పగించడం) తేడా చేస్తుంది, ఆఫ్ చేసి చూడండి. ఇవేవీ కాకపోతే కేబుల్ మార్చండి.