తలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించే రోజు

మా పాపకు తలసీమియా మేజర్, అంటే ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే రక్త జబ్బు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. హిమోగ్లోబిన్ 9 కన్నా కిందికి పడనివ్వకండి. "బాగానే ఆడుకుంటోంది కదా" అని వాయిదా వేయొద్దు.

క్రాస్ మ్యాచ్‌కి (దాత రక్తం పాపకు సరిపడుతుందో లేదో చూసే పరీక్షకి) శాంపిల్ ముందురోజే ఇచ్చేస్తే పొద్దున్నే రక్తం సిద్ధంగా ఉంటుంది. సూది గుచ్చే చోట మొద్దుబారే క్రీము గంట ముందు రాయమని డాక్టరుగారిని అడగండి. ఏడుపు చాలా తగ్గుతుంది. తెల్లకణాలు వడగట్టిన రక్తమే కావాలనండి. బ్యాగు మీద గ్రూపు, పేరు మీరూ చదవండి. మొదటి పావుగంట ఫోన్ పక్కన పెట్టి పాపనే చూడండి. వణుకు, దద్దుర్లు, నడుంనొప్పి, ఆయాసం ఏది కనిపించినా వెంటనే నర్సును పిలవండి.

చుట్టాలు ఐరన్ టానిక్ పట్టమంటారు. వద్దే వద్దు! ఎక్కించిన రక్తంలోని ఐరనే గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది. అందుకే మూడు నెలలకోసారి ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్ పరీక్ష, డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆ ఐరన్‌ను బయటికి పంపే డిఫెరాసిరాక్స్ మందు. నీళ్లలో కలిపే మాత్రయితే గ్లాసు అడుగున కొంత పొడి మిగులుతుంది. మళ్లీ కాసిని నీళ్లు పోసి, తిప్పి, అదీ తాగించండి.

ఈ జబ్బును నయం చేసే బోన్ మ్యారో (ఎముక మజ్జ) మార్పిడి మాటొస్తే టెన్షన్ సహజం. సొంత తోబుట్టువుతో హెచ్‌ఎల్‌ఏ (మజ్జ సరిపోతుందో లేదో తేల్చే కణాల గుర్తులు) కలిసే అవకాశం 25 శాతం. పరీక్ష చేయించినంత మాత్రాన మార్పిడికి ఒప్పుకున్నట్టు కాదు. భార్యాభర్తలిద్దరూ కలిసే వెళ్లండి. మా పాప వయసుకు, కాలేయం పరిస్థితికి ప్రమాదమెంత, మార్పిడి నిలబడకపోతే తర్వాతేంటి అని అడిగి, జవాబులు అక్కడే రాసుకోండి. సంతకం ఇంటికెళ్లి ఆలోచించాకే.