బావిలో పెట్రోల్ వాసన వస్తే తొందరపడకండి

బకెట్‌లో నీళ్లు పట్టి ఎండలో పెడితే పైన నెమలి ఈకలా రంగులు తేలుతున్నాయి, వంగి చూస్తే గుప్పుమని బంకు వాసన. పక్క బంకులో భూమిలోపలి ట్యాంకు కారుతోందేమోనని అనుమానం రాగానే అందరూ అనేది ఒకటే: రెండు మూటల బ్లీచింగ్ గుమ్మరించి, మోటారు పెట్టి బావి మొత్తం తోడేద్దాం. ఆ రెండూ చేయకండి.

బ్లీచింగ్ క్రిములను చంపుతుందే తప్ప పెట్రోల్‌ను తీసేయదు, పైగా తేలుతున్న పెట్రోల్ మీద ఆ పొడి పడితే మంట లేచే ప్రమాదం ఉంది. తోడటం ఇంకా చిక్కు. పెట్రోల్ నీటికంటే తేలిక కాబట్టి తెట్టులా పైనే ఉంటుంది. నీటిమట్టం దింపితే ఆ తెట్టు కూడా దిగుతూ దారిలో ఉన్న మట్టికంతా పూసుకుపోతుంది, వానలకు నీళ్లు పైకొచ్చాక కూడా ఆ మట్టిలోనే ఇరుక్కుని ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా నీళ్లలో కలుస్తుంది. మీ మోటారు గుంజుడికి బంకు వైపున్నదంతా మీ బావికే రావచ్చు కూడా. తోడింది డ్రైనేజీలోకి అసలు వదలొద్దు. 1992లో మెక్సికోలోని గ్వాడలహారాలో పైపులైను నుంచి కారిన పెట్రోల్ మురుగుకాల్వల్లో చేరి వీధులకు వీధులే పేలిపోయాయి, 200 మందికి పైగా పోయారు.

బావి దగ్గర స్విచ్ ముట్టకుండా ఇంటి మెయిన్ దగ్గరే కరెంటు తీసేయండి. లోపలికి ఎవరినీ దింపొద్దు, పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, అడుగునే పేరుకుంటుంది. ఆ నీళ్లు కాచి తాగుదామనుకుంటే పెట్రోల్‌లో ఉండే బెంజీన్ అనే క్యాన్సర్ తెచ్చే రసాయనం మీ వంటగది గాలిలోకి వస్తుంది. ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేసి, బంకువాళ్లకూ కాలుష్య నియంత్రణ మండలికీ రాతపూర్వకంగా చెప్పండి. పరీక్షకు నీళ్లు పంపేటప్పుడు గాజు సీసా అంచుదాకా నింపి, గాలి బుడగ లేకుండా మూత బిగించి, ఐసులో పెట్టి పంపాలి, లేకపోతే దారిలోనే ఆవిరైపోయి రిపోర్టు శుభ్రంగా వస్తుంది!

శుభ్రం చేసేవాళ్లు వచ్చాక మూడు సంగతులు అడగండి. కారడం ఆగిందా? తెట్టును మెల్లగా పైనుంచే తీస్తున్నారా? తవ్విన మట్టి ఎక్కడికి పోతోంది? చాలాసార్లు ఆ మట్టి చెరువుగట్టుకో, ఎవరిదో ప్లాటు పూడ్చడానికో చేరుతుంది, అప్పుడు ఒక బావి కష్టం కాస్తా రెండవుతుంది. టార్పాలిన్ మీద పోసి, పైన కప్పి, మండలి చెప్పిన చోటికే పంపాలి.

ఆఖరున, కొత్తగా లోతు బోరు వేయిస్తే గొడవ వదిలిపోతుందని ఎవరో ఒకరు అంటారు. పైపొరలో పెట్రోల్ ఉండగా బోరు దించితే, కేసింగ్ పైపు చుట్టూ సందుల్లోంచి అది కింది బండ పగుళ్లలోకి దారి చేసుకుంటుంది. వేయక తప్పదంటే కాలుష్యానికి దూరంగా వేసి, గట్టి బండ దాకా కేసింగ్ దింపి, దాని చుట్టూ సిమెంట్ పోయించండి. బోరు లారీవాళ్లు "ఎందుకు సార్ దండగ" అంటారు, అయినా దగ్గర నిలబడి పోయించండి.