పాత ట్యూబ్ ఆంప్‌ల టోన్‌ను పోల్చి చూడడం ఎలా?

రెండు పాత ట్యూబ్ ఆంప్‌లు, అంటే వాక్యూమ్ ట్యూబ్‌లతో నడిచే గిటార్ ఆంప్లిఫైయర్లు, పక్కపక్కన పెడతారు. దీంట్లో నాలుగు కార్డ్‌లు, దాంట్లో నాలుగు కార్డ్‌లు వాయిస్తారు. "అన్నా, ట్విన్ ముందు డీలక్స్ ఎందుకూ పనికిరాదు" అని తేల్చేస్తారు. ఆ రెండూ ఫెండర్ కంపెనీ ఆంప్‌లే. బెంగళూరు జామ్ రూముల్లో మనవాళ్లు ఇలా పోల్చడం చూసి చూసి విసుగొచ్చింది. అలా తేలేదల్లా ఏది గట్టిగా మోగిందన్నదే. టోన్ సంగతి తెలియాలంటే ఒక పూట కేటాయించాలి.

సామాన్లు

గిటార్, ఒకే కేబుల్, వాయించింది రికార్డు చేసి మళ్లీ మళ్లీ వినిపించే లూపర్ పెడల్, మల్టీమీటర్, మైకు, స్టాండ్ మీద నిలబెట్టిన ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్, రెండు ఆంప్‌ల ఓమ్‌లకూ సరిపడే ఒక స్పీకర్ క్యాబినెట్. గిటార్ స్ట్రాటోకాస్టరే అయ్యుండాలి. హంబకర్లు (రెండు కాయిళ్ల పికప్‌లు) ఉన్న గిటార్ పెడితే ఆంప్‌ల మధ్య తేడా సగం మూసుకుపోతుంది. శబ్దాన్ని పగలగొట్టే ఓవర్‌డ్రైవ్ పెడల్ ఇంట్లో వదిలేసి రండి.

కరెంటు

అమెరికా నుంచి బావగారో బాబాయో మోసుకొచ్చిన అరవైల నాటి ఫెండర్ వెనక 117 వోల్టులని రాసుంటుంది. మన 230లో నేరుగా గుచ్చితే ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది. ట్విన్ రివర్బ్ లాంటి పెద్దదానికి 500 వీఏకి (వోల్ట్-ఆంపియర్లకు) తగ్గొద్దు. పాత రెండు పిన్నుల ప్లగ్గు ఉంటే మూడు పిన్నులది వేయించి, చాసిస్‌కు (లోపలి లోహపు చట్రానికి) ఎర్త్ ఇప్పించాకే ఆన్ చేయాలి. అది తెలిసిన టెక్నీషియన్ చేయాల్సిన పని. స్విచ్ ఆపేసినా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి.

టెక్నీషియన్ దగ్గరికి ఎలాగూ వెళ్తారు కాబట్టి ఫిల్టర్ కెపాసిటర్లు కూడా చూపించండి. "1965 నాటివే, ఒక్కటి కూడా మార్చలేదు" అని గొప్పగా చెప్పుకునేవాళ్లున్నారు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఎండిపోతుంది. అప్పుడు హమ్ పెరుగుతుంది, బాస్ బిగువు పోతుంది. అలాంటి ఆంప్‌ను పోటీకి నిలబెట్టి ఆ మోడల్ టోన్ ఇంతేననడం అన్యాయం.

వాయించే ముందు సాకెట్‌లో వోల్టేజీ కొలవండి. గోడలో 210 ఉంటే స్టెప్‌డౌన్ నుంచి 110 కూడా రాదు. ట్యూబ్‌లకు అందే వోల్టేజీ పడిపోయి ఆంప్ మెత్తబడుతుంది. అందుకే ఒక ఆంప్ సాయంత్రం, ఇంకోటి అర్ధరాత్రి వినకూడదు. రెండూ ఒకే పూట వినాలి.

స్పీకర్

రెండు ఆంప్‌లనూ ఒకదాని తర్వాత ఒకటి అదే క్యాబినెట్‌కు కలపాలి. లేదంటే మీరు పోల్చేది జెన్‌సన్ స్పీకర్‌నూ సెలెస్టియన్ స్పీకర్‌నూ. మార్చే ప్రతిసారీ ఆంప్ ఆపండి. స్పీకర్ లేకుండా ట్యూబ్ ఆంప్ నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

నాబ్‌లు

రెండింటిలోనూ అన్నీ 5 దగ్గర పెడితే సమానమైపోదు. ఫెండర్‌లో అన్నీ 5 దగ్గర ఉన్నా మిడ్ (బాస్‌కూ ట్రెబుల్‌కూ మధ్య స్థాయి) లోపలికి పోయే ఉంటుంది. వాక్స్ ఏసీ30లో కట్ నాబ్ పెంచితే ట్రెబుల్ తగ్గుతుంది. అంకెలు చూడకుండా, ఒక్కో ఆంప్‌ను దానికి నప్పే చోట పెట్టి ఫొటో తీసుకోండి.

శబ్దం సమం చేయడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. తొందరపడకండి.

రెండు శబ్దాల మధ్య ఒక డెసిబెల్ తేడా ఉంటే చాలామంది చెవికి అది "గట్టిగా ఉంది" అని తెలియదు, "బాగుంది" అనిపిస్తుంది. శబ్దం పెరిగేకొద్దీ చెవికి బాస్ ఎక్కువగా అందుతుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. కాబట్టి గట్టిగా మోగేది నిండుగా కూడా అనిపిస్తుంది. ఒక కాఫీలో చక్కెర వేసి, రెండోదాంట్లో వేయకుండా ఏ డికాక్షన్ బాగుందని అడిగినట్టు ఉంటుంది.

ముందు లూపర్‌లోకి నాలుగు బార్‌ల ముక్క ఎక్కించండి. అందులో ఓపెన్ E కార్డ్, పైతీగల మీద విడి స్వరాలు, కాస్త నిశ్శబ్దం ఉండాలి. ఇక రెండు ఆంప్‌లకూ వెళ్లేది అదే వాయింపు. చేత్తో వాయిస్తే ఆంప్‌ను బట్టి వేళ్లు వాటంతట అవే మారిపోతాయి, మీకు తెలియకుండానే.

శబ్దం కొలిచే ఫోన్‌ను క్యాబినెట్‌కు ఒక మీటరు దూరంలో, చెవి ఎత్తులో పెట్టి ఇక ముట్టుకోకండి. యాప్‌లో C వెయిటింగ్, స్లో మోడ్ ఎంచుకోండి. A వెయిటింగ్ అయితే బాస్‌ను చాలా తగ్గించి లెక్కిస్తుంది. లూప్ మొత్తం తిరిగాక వచ్చే సగటు చూసి, తేడా అర డెసిబెల్ లోపు వచ్చేదాకా వాల్యూమ్ సర్దండి.

క్లీన్ టోన్‌కు ఇది చాలు. వాల్యూమ్ పెంచి ట్యూబ్‌ల శబ్దం పగలడం (డిస్టార్షన్) మొదలయ్యే చోట ఈ పద్ధతి పనిచేయదు. డీలక్స్ రివర్బ్ 22 వాట్లు, ట్విన్ 85. వాట్లు దాదాపు నాలుగింతలైనా శబ్దంలో తేడా 6 డెసిబెళ్లే. కానీ ఆ 6 తగ్గించడానికి ట్విన్ వాల్యూమ్ దించితే దాని పగులు పోతుంది. డీలక్స్ మాత్రం పగులుతూనే ఉంటుంది. అప్పుడు ఒకదాని క్లీన్‌ను ఇంకోదాని డ్రైవ్‌తో పోల్చినట్టవుతుంది. కొందరు ఆంప్‌కూ స్పీకర్‌కూ మధ్య శబ్దం తగ్గించే అటెన్యుయేటర్ పెడతారు. అది తన టోన్ కూడా కలుపుతుంది కాబట్టి నేను ఒప్పుకోను.

దారి ఒకటే. వాల్యూమ్ తగ్గించకుండా, ఒక్కో ఆంప్‌ను అది బాగా పలికే చోటే నడిపి మైకుతో రికార్డు చేయండి. ఎస్‌ఎమ్57 మైకును స్పీకర్ కోన్ నడిమికీ అంచుకీ మధ్య నిలపండి. ఒక అంగుళం జరిగినా టోన్ మారిపోతుంది, అందుకే నేల మీద స్టాండ్ కాళ్లకు టేపు వేయండి. తర్వాత కంప్యూటర్‌లో రెండు రికార్డింగుల సగటు లౌడ్‌నెస్ సమం చేయండి. పీక్‌లను (శబ్దం ఒక్క క్షణం ఎగసే శిఖరాలను) సమం చేయకండి. క్లీన్ శబ్దంలో పీక్‌లు ఎత్తుగా ఉంటాయి, పగిలిన శబ్దంలో నలిగిపోయి ఉంటాయి. పీక్‌లు కలిపితే పగిలినదే గట్టిగా వినిపించి ప్రతిసారీ గెలుస్తుంది.

వినడం

ఫైళ్ల పేర్లు తీసేసి స్నేహితుడి చేత వినిపించుకోండి. మెరిసే గ్రిల్ క్లాత్ కనిపిస్తుంటే చెవి నిజం చెప్పదు. అభిప్రాయం మాటల్లో రాయండి: బాస్ బిగువు, మిడ్ ముందుకొస్తోందా, ట్రెబుల్ గుచ్చుతోందా.

ఆఖర్న లూపర్ తీసేసి చేత్తో వాయించండి. డీలక్స్ రివర్బ్‌లో ఏసీ కరెంటును డీసీగా మార్చడానికి జీజెడ్34 ట్యూబ్ రెక్టిఫైయర్ ఉంటుంది. గట్టిగా మీటితే వోల్టేజీ ఒక్క క్షణం కుంగి మళ్లీ లేస్తుంది. ట్విన్‌లో ఆ పని చేసేవి సిలికాన్ డయోడ్లు కాబట్టి మీటిన వెంటనే బిగువుగా పలుకుతుంది. ఆ తేడా వేళ్లకు రికార్డింగులో కన్నా ముందే తెలుస్తుంది, దాన్ని కూడా రాసుకోండి. ఆ తర్వాత ఆంప్‌లు ఆపి, ట్యూబ్‌లు చల్లారాకే కదపండి.