చూడటానికి బైనాక్యులర్స్, గురికి స్కోప్: జింకల సీజన్‌కు ముందు జాగ్రత్తలు

నవంబర్ మొదటి శనివారం టెక్సస్‌లో జింకల సీజన్ మొదలవుతుంది. డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల నాకు తెలిసిన మనవాళ్లలోనే ఈమధ్య వేటకు బయల్దేరేవాళ్లు బాగా పెరిగారు. నలుగురు కలిసి వారాంతానికి ఒక రాంచ్ లీజుకు తీసుకోవడం, ఒకటో రెండో రైఫిళ్లు, వండుకోవడానికి సరంజామా. సంతోషమే. కానీ పోయిన వారం ఒక వాట్సాప్ గ్రూపులో వచ్చిన వీడియో చూశాక ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

రైఫిల్ స్కోప్ వెనక ఫోన్ పెట్టి తీసిన వీడియో అది. గుండ్రటి గాజులో ఒక పికప్ ట్రక్కు, దాని వెనక తలుపు మీద కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్న మనిషి. గురి గీతలు రెండూ సరిగ్గా అతని చొక్కా గుండీల మీద కలిశాయి. పక్కనుంచి ఎవరో "అరె, మన బావేరా!" అని నవ్వుతున్నారు. కింద వరసగా లైకులు. ఆ తుపాకీలో తూటా ఉందా లేదా అని ఒక్కరూ అడగలేదు.

ఏటా సీజన్ ముందు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: గురికి ఎర్ర చుక్క చూపించే రెడ్ డాట్ సైట్ కొనాలా, దూరాన్ని దగ్గర చేసే స్కోప్ కొనాలా? జవాబు చెబుతాను. దానికన్నా ముందు చెప్పాల్సింది ఒకటుంది, దాన్ని కింద మళ్లీ మళ్లీ చెబుతాను. తుపాకీ మీద ఏది బిగించినా అది గురి పెట్టడానికే. వెతకడానికి, అక్కడున్నది ఏమిటో తేల్చుకోవడానికి మెడలో బైనాక్యులర్స్ ఉండాలి. స్కోప్ ఎటు తిరిగితే తుపాకీ గొట్టం, అంటే బ్యారెల్, అటే తిరుగుతుంది.

టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వేట ప్రమాదాల మీద ఏటా నివేదిక వేస్తుంది. అందులో కారణాలు రాసిన భాగం చదవండి. పరిగెత్తే జంతువు వెంట తుపాకీ తిప్పుతూ పక్కవాళ్ల మీదికి తేవడం, కాల్చేవాడికి కనపడని చోట మనిషి ఉండటం. ఈ మాటలు ఏళ్ల తరబడి అందులో తిరిగి తిరిగి వస్తూనే ఉన్నాయి.

రెడ్ డాట్ ఎవరికి

రెడ్ డాట్‌లో ఎర్ర చుక్క ఒకటి గాజు మీద పడి మీ కంటికి కనపడుతుంది. దేన్నీ పెద్దది చేయదు. స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ కంపెనీ 1975లో దీన్ని మొదట అమ్మకానికి తెచ్చింది. రెండు కళ్లూ తెరిచి వాడొచ్చు, కన్ను కాస్త ముందుకో వెనక్కో ఉన్నా చుక్క కనపడుతూనే ఉంటుంది, చుట్టుపక్కల ఏం జరుగుతోందో తెలుస్తుంది. మెస్కీట్ పొదల్లోంచి 50, 70 గజాల్లో అడవి పందులు బయటికొచ్చే చోట నా ఓటు దీనికే.

చుక్క సైజును ఎంఓఏల్లో చెబుతారు. ఒక ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర అంగుళం మీద కొంచెం. అంటే 2 ఎంఓఏ చుక్క అంత దూరంలో రెండంగుళాల చోటు కప్పేస్తుంది, 6 ఎంఓఏ చుక్క ఆరంగుళాలు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటే సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు. కాబట్టి రైఫిల్‌కి చిన్న చుక్క తీసుకోండి. వెలుతురును బట్టి చుక్క కాంతి తగ్గించుకోండి. పొద్దు వాలాక మధ్యాహ్నపు సెట్టింగులోనే ఉంచితే చుక్క ఉబ్బిపోయి జంతువునే కప్పేస్తుంది.

ఆస్టిగ్మాటిజం అనే దృష్టి లోపం ఉన్నవాళ్లకి ఆ చుక్క గుండ్రంగా కనపడదు. ముక్కలుగా విడిపోయో, ఒక పక్కకి సాగిపోయో కనపడుతుంది. షాపులోనే ఫోన్‌తో ఆ చుక్కను ఫొటో తీసి చూడండి. ఫొటోలో గుండ్రంగా ఉంటే సరుకు మంచిదే, తేడా కంట్లో ఉంది. అలాంటివాళ్లు ప్రిజమ్ సైట్ చూసుకోవచ్చు, అందులో గురి గుర్తు గాజు మీదే చెక్కి ఉంటుంది.

రెడ్ డాట్‌తో ప్రమాదం ఎక్కడొస్తుందంటే, చుక్క పడగానే ధైర్యం వచ్చేస్తుంది. గోధుమరంగులో ఏదో కదిలింది, చుక్క దాని మీద నిలబడింది, వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది. చుక్క కుదిరింది సరే, దేని మీద కుదిరింది? 120 గజాల్లో పొద వెనక ఉన్నది జింకా, గోధుమరంగు జాకెట్ వేసుకున్న మనిషా అన్నది ఆ సైట్ మీకు చెప్పలేదు. అది చెప్పాల్సింది బైనాక్యులర్స్.

స్కోప్ ఎవరికి

పొలం అంచునో, కరెంటు లైన్ల కింద శుభ్రం చేసిన దారిలోనో కూర్చుని 100 నుంచి 250 గజాల దాకా కాల్చాల్సి వస్తే స్కోపే కావాలి. మొదటిసారి కొనేవాళ్లకి 3-9x40 చాలు. అంటే మూడు నుంచి తొమ్మిది రెట్లు పెంచుకోవచ్చు, ముందు గాజు 40 మిల్లీమీటర్లు. పెద్ద అంకెల వెంట పడొద్దు. 40ని 9తో భాగిస్తే 4.4. అంటే తొమ్మిది రెట్ల దగ్గర మీ కంటికి చేరే కాంతి 4.4 మిల్లీమీటర్ల వెడల్పే. నాలుగు రెట్లకు తగ్గిస్తే పది మిల్లీమీటర్లు. మసక వెలుతురులో కనపడటం లేదని పవర్ పెంచేవాళ్లను చాలామందిని చూశాను. తగ్గించాలి.

పవర్ పెంచినకొద్దీ చుట్టూ కనపడటం కూడా తగ్గిపోతుంది. మామూలు 3-9 స్కోప్‌లో 100 గజాల దగ్గర మూడు రెట్లలో సుమారు 33 అడుగుల వెడల్పు కనపడితే, తొమ్మిది రెట్లలో 11 నుంచి 14 అడుగులే. తలుపు సందులోంచి పెళ్లి చూసినట్టు. జింకకు పది అడుగుల పక్కన మీ స్నేహితుడు నిలబడి ఉన్నా మీకు కనపడడు. దాని వెనక వంద గజాల్లో ఎవరైనా నడుస్తుంటే ఆ దూరం గాజులో అణిగిపోతుంది, తెలియదు. అందుకే స్కోప్‌తో వెతకొద్దు అనేది. ఎదురుగా మనిషి ఉంటే, మీరు అతన్ని చూసేసరికే తుపాకీ అతని మీద పెట్టి ఉంటారు.

ఒకటి నుంచి ఆరు రెట్ల దాకా మారే 1-6x24 రకాలు ఇప్పుడు బాగా అమ్ముడవుతున్నాయి. ఒకే రైఫిల్‌తో పందులకీ జింకలకీ వెళ్లేవాళ్లకి పనికొస్తాయి. రెడ్ డాట్ కన్నా బరువు, ఖరీదు. అవి కొన్నవాళ్లూ ఆ తప్పే చేస్తారు. ఆరుకి తిప్పి గట్టు మీద ఎవరున్నారా అని చూస్తారు.

కాబట్టి డబ్బు తక్కువుంటే స్కోప్ మీద కాస్త తగ్గించి 8x42 బైనాక్యులర్స్ కొనండి. టెక్సస్‌లో చాలా కౌంటీల్లో మగ జింక కొమ్ములకు నిబంధన ఉంది. రెండు కొమ్ముల్లో ఒకదానికైనా కొమ్మలు చీలకుండా ఉండాలి, లేదా రెంటి మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలైనా ఉండాలి. చెవులు నిక్కబొడిచినప్పుడు ఒక చెవి కొస నుంచి రెండో చెవి కొస దాకా ఉండే దూరాన్ని కొలతగా పెట్టుకోమంటారు. అది చూడటానికి తీరుబడి కావాలి. అంతసేపూ లోడు చేసిన రైఫిల్ ఎత్తి పట్టుకుని చూడటం ఎందుకు? బైనాక్యులర్స్‌తో చూడండి, కొమ్ములు తేల్చుకోండి, వెనక ఏముందో చూడండి, మీతో వచ్చిన ప్రతి ఒక్కరూ ఎక్కడున్నారో మనసులో ఒకసారి చెప్పుకోండి. అప్పుడు తుపాకీ ఎత్తండి. సేఫ్టీ తీయడం అన్నిటికన్నా చివర.

వీసా మీద ఉన్నవాళ్లు ఇది రెండుసార్లు చదవండి

హెచ్1బి, ఎఫ్1 లాంటి నాన్ఇమిగ్రంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. దానికున్న మినహాయింపుల్లో మనవాళ్లకు ఎక్కువగా వర్తించేది ఒకటి: ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. స్నేహితుడి రైఫిల్‌ను రేంజ్‌లో కాసేపు పట్టుకున్నా ఇదే లెక్క. ఇక్కడ ఒక గుంట ఉంది. 2019 సెప్టెంబర్ నుంచి టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, అడవి పందుల వేటకు లైసెన్స్ అక్కర్లేదు. "లైసెన్స్ అవసరం లేదట" అని మిత్రులు చెప్పగానే వీసా మీద ఉన్న కుర్రవాడు బయల్దేరతాడు. రాష్ట్రం దృష్టిలో అతనిది తప్పు కాదు, ఫెడరల్ చట్టం దృష్టిలో నేరస్తుడు. లైసెన్స్ కొనుక్కుని జేబులో పెట్టుకోండి. ఏ మాత్రం సందేహం ఉన్నా ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా కావాలి.

బయల్దేరే ముందు, అక్కడికి చేరాక

స్కోప్ రింగుల స్క్రూలు టార్క్ రెంచ్‌తో బిగించండి, కంపెనీ కాగితం మీద ఎంత ఉంటే అంతే. చేత్తో "గట్టిగా" బిగిస్తే ట్యూబు నొక్కుకుపోతుంది. వదులుగా ఉంటే నాలుగు రౌండ్లకే గురి జారిపోతుంది.

గురి సరిచూడటానికి బ్యారెల్ మూతిలో దూర్చే లేజర్ వాడితే, దాన్ని తీసి చేతిలో పట్టుకుని పైకి చూపించి, అప్పుడే తూటా పెట్టండి. లోపల మర్చిపోయి కాలిస్తే బ్యారెల్ పేలుతుంది.

ముందు 25 గజాల్లో, తర్వాత తప్పకుండా 100 గజాల్లో కాల్చి చూసుకోండి. 25లో కుదిరింది కదా అని అడవికి వెళ్లొద్దు.

సీజన్‌లో ఏ తూటా వాడతారో దాంతోనే గురి కుదుర్చుకోండి. పెట్టె మారితే గురి మారుతుంది.

నలుగురికి ఒకే రైఫిల్ అయితే స్కోప్ మీద గురి సర్దే గుండ్రటి మరలు తిప్పేది ఒక్కరే. మిగతావాళ్లు ముట్టుకోకూడదు.

కన్ను స్కోప్‌కి మూడు, మూడున్నర అంగుళాల దూరంలో ఉండాలి. మరీ దగ్గర పెడితే తుపాకీ వెనక్కి తన్ని కనుబొమ్మ చీలుతుంది. పొట్టివాళ్లు, పొడుగువాళ్లు ఒకే రైఫిల్ పంచుకున్నప్పుడు ఇది ఎక్కువ.

.300 బ్లాకవుట్ తూటాలు, .223 తూటాలు ఒకే సంచిలో వేయొద్దు. బ్లాకవుట్ తూటా .223 రైఫిల్లో పట్టి పేలితే తుపాకీ ముక్కలవుతుంది.

రెడ్ డాట్‌కి కొత్త బ్యాటరీ వేయండి, ఇంకోటి జేబులో.

నడిచేటప్పుడు స్కోప్ అన్నిటికన్నా తక్కువ పవర్‌లో ఉండాలి.

స్కోప్‌లోంచి సూర్యుడి వైపు చూడొద్దు.

ఎవరు ఎక్కడ కూర్చుంటారో పొద్దున్నే మ్యాప్ మీద గుర్తు పెట్టి, మెసేజ్ పెట్టకుండా ఎవరూ చోటు మారొద్దు.

ప్రైవేటు భూమిలో నారింజరంగు దుస్తులు టెక్సస్ చట్టం అడగదు. అయినా వేసుకోండి. టోపీ కూడా. ప్రభుత్వ వేట భూముల్లో 400 చదరపు అంగుళాల నారింజరంగు తప్పనిసరి.

గట్టు మీద నిలబడిన జింకను కాల్చొద్దు. వెనక ఆకాశం తప్ప ఏమీ లేకపోతే తూటా రెండు మూడు మైళ్లు వెళ్తుంది. అవతల ఎవరి ఇల్లుందో మీకు తెలియదు.

పరిగెత్తే జింక వెంట తుపాకీ తిప్పొద్దు. వదిలేయండి.

స్కోప్‌లోంచి మనిషిని చూడొద్దు. తూటా లేకపోయినా, బోల్టు తీసేసినా, స్నేహితుడైనా, సరదాకైనా చూడొద్దు.

పక్కవాడు స్కోప్‌తో ఎవరినో చూస్తున్నాడని తెలిస్తే అక్కడే ఆపండి. పెద్దవాడైనా సరే, లీజు డబ్బు కట్టింది ఆయనే అయినా సరే. బాధపడితే పడనివ్వండి.

బైనాక్యులర్స్ కారులో మర్చిపోయారా? వెనక్కి వెళ్లి తెచ్చుకోండి.

వేటకు ఎత్తులో కూర్చునే స్టాండ్ నిచ్చెన ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తుపాకీ ఖాళీగా ఉండాలి. తాడుతో పైకి లాక్కోండి.

దెబ్బ తిన్న జింకను చీకట్లో వెతకాల్సి వస్తే చేతిలో టార్చ్ పట్టుకోండి. తుపాకీకి బిగించిన లైటుతో పొదలు గాలించొద్దు, ఆ పొదల్లో మీ వాళ్లే తిరుగుతుంటారు.

సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా చట్టం ఒప్పుకుంటుంది. మీ కళ్లు ఒప్పుకోకపోతే అంతకు ముందే ఆపేయండి. బైనాక్యులర్స్‌లో తేలనిది స్కోప్‌లో తేల్చుకుందాం అనుకోవద్దు.

రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగును ఇండియా ప్రయాణానికి వాడొద్దు. అర మూలలో ఒక్క తూటా మిగిలి ఉన్నా శంషాబాద్‌లో ఆయుధ చట్టం కింద కేసు పడుతుంది.