టాటూ కార్ట్రిడ్జ్: ఏ పనికి ఏ సూది?

టాటూ మెషీన్‌కు తగిలించే సూదుల గొట్టమే కార్ట్రిడ్జ్. దాని డబ్బా మీద 1207ఆర్‌ఎల్ అని ఉందనుకోండి. మొదటి 12 సూది మందం, అంటే 0.35 మిల్లీమీటర్లు. అక్కడ 10 ఉంటే 0.30, 08 ఉంటే 0.25. తర్వాతి 07 సూదుల సంఖ్య. చివరి అక్షరాలు వాటి అమరిక. ఆర్‌ఎల్ అంటే రౌండ్ లైనర్: సూదులు గుండ్రంగా, మొనలు దగ్గరికి బిగించి ఉంటాయి. ఆర్‌ఎస్ అంటే రౌండ్ షేడర్: అదీ గుండ్రమే, మొనలు మాత్రం కాస్త విడిగా ఉంటాయి. మాగ్నంలో సూదులు రెండు వరసలుగా ఉంటాయి. ఆ వరసల అంచులు విల్లులా వంగి ఉంటే కర్వ్‌డ్ మాగ్నం, దాన్నే కంపెనీని బట్టి సీఎం అనో ఆర్‌ఎం అనో రాస్తారు.

కొత్తవాళ్లు చాలామంది 7 చూసి కొనేస్తారు, ముందున్న అంకెను పట్టించుకోరు. 1007ఆర్‌ఎల్ గీత 1207 గీతకన్నా సన్నగా పడుతుంది, ఇంకూ తక్కువ దిగుతుంది. 1207కి అలవాటైన వేగంతోనే చెయ్యి కదిపితే గీత మధ్యమధ్యలో తెగిపోతుంది. మొన ఎంత పొడవున సన్నబడుతుందో చెప్పే టేపర్ కూడా చూడాలి. పొడవు టేపర్ చర్మానికి చిన్న రంధ్రం చేసి ఇంకును నెమ్మదిగా దింపుతుంది, పొట్టి టేపర్ ఒకేసారి ఎక్కువ దింపుతుంది.

మన దగ్గర ఎక్కువగా అడిగే పని తెలుగులో పేర్లు. అన్నిటికన్నా కష్టమైనదీ అదే. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన సూది వీటికి సరిపోదు. వంపులు, లోపల చిన్న సున్నాలు, కింద ఒత్తులు ఉంటాయి. ‘లక్ష్మి’లో ఒక్క క కిందే రెండు ఒత్తులు. ఏళ్లు గడిచేకొద్దీ ఇంకు చర్మంలో కాస్త పరుచుకుంటుంది, సందులు పూడుకుపోయి ఒత్తు మచ్చలా మిగులుతుంది. అందుకే సూదిని అక్షరం ఎత్తు చూసి కాదు, అందులోని అతి చిన్న ఖాళీ చూసి ఎంచుకోవాలి. పేరును అసలు సైజులో ప్రింటు తీసి, మీరు వేయబోయే గీత మందమే ఉన్న పెన్నుతో దిద్దండి. ఎంత ఇరుకైన సందులోనైనా గీతకు రెండింతల ఖాళీ మిగలాలి. ఒత్తులు కాకుండా సెంటీమీటరు ఎత్తున్న అక్షరానికి 1003ఆర్‌ఎల్, రెండు సెంటీమీటర్లు దాటితే 1205 గానీ 1207 గానీ వాడొచ్చు. సెంటీమీటరు కన్నా చిన్నగా కావాలంటే ఒంటి సూదికి దిగకండి, అక్షరాన్నే పెంచమని ఒప్పించండి. ఒంటి సూది గీతలో చేతి వణుకంతా కనిపిస్తుంది, త్వరగా వెలిసిపోతుంది కూడా. తలకట్టు అక్షరానికి కలిసేచోట సూదిని పైకి లేపుతూ ముగించాలి, అక్కడ రెండుసార్లు తిప్పితే చుక్క పడుతుంది.

శివుడు, వినాయకుడు లాంటి బ్లాక్ అండ్ గ్రే (నలుపు, బూడిద ఛాయలతోనే వేసే) బొమ్మలకు 10 మందంలో 9 నుంచి 15 సూదుల కర్వ్‌డ్ మాగ్నం, పొడవు టేపర్‌ది తీసుకోండి. అంచు తిన్నగా ఉండే మాగ్నం మూలలు చర్మాన్ని కోసి చారలు వదులుతాయి, వంపు అంచుతో ఆ ఇబ్బంది తక్కువ. జడలకు, కనురెప్పలకు 1003ఆర్‌ఎల్ చాలు. మన చామనఛాయ మీద అతి పలచని బూడిద రంగు మానాక దాదాపు కనిపించదు. ఏ సూదీ దాన్ని నిలబెట్టలేదు. చీకటి భాగాల్ని గట్టిగా వేసి, వెలుగు కోసం చర్మాన్నే వదిలేయాలి.

మందపాటి గీతల ఓల్డ్ స్కూల్ బొమ్మకు 1209 లేదా 1214ఆర్‌ఎల్, రంగు నింపడానికి 12 మందం మాగ్నం. మండలా (గుండ్రటి ముగ్గులాంటి డిజైన్) చుక్కలకు 1203 లేదా 1205ఆర్‌ఎల్. పెద్ద భాగాన్ని మూడు సూదులతో నింపాలని చూడకండి. తిప్పిన చోటే తిప్పి చర్మం చితుకుతుంది, పొక్కు కట్టి రంగు ఊడిపోతుంది.

మెషీన్ స్ట్రోక్, అంటే సూది ముందుకూ వెనక్కూ కదిలే దూరం కూడా సూదికి తగ్గట్టు ఉండాలి: గీతలకు 3.5 నుంచి 4 మిల్లీమీటర్లు, మెత్తటి షేడింగుకు 3 దగ్గర. ఇంకు నిలవాల్సిన పొర చర్మం పైనుంచి సుమారు 1 నుంచి 2 మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది. సన్నసూది అడ్డు తెలియకుండానే లోతుకు పోతుంది కాబట్టి మణికట్టు లోపలివైపు, పక్కటెముకలు, చీలమండ లాంటి పలచటి చోట్ల గీత చుట్టూ నీలంగా పరుచుకోవడం ఎక్కువ.

కవరు చించే ముందు స్టెరిలైజ్ చేసిన గుర్తు, గడువు తేదీ చూడండి. గ్లవ్స్‌తో వెనక కడ్డీని నొక్కండి: మొన బయటికొచ్చి వెంటనే లోపలికి పోవాలి. అక్కడే ఆగిపోతే పారేయండి. లోపల మెంబ్రేన్ (ద్రవం వెనక్కి పోకుండా ఆపే పలచటి పొర) లేని చవక కార్ట్రిడ్జ్‌లు అస్సలు కొనొద్దు. రక్తం, ఇంకు వెనక్కి పారి మెషీన్లోకి చేరతాయి, తర్వాత వచ్చే మనిషికి అంటుకుంటాయి. మొనను భూతద్దంలో చూడండి. ఇంకు గిన్నె అడుగుకు తగిలినా మొన కొక్కెంలా వంగి చర్మాన్ని చీలుస్తుంది.

ఒక మనిషికి వాడిన కార్ట్రిడ్జ్ ఇంకొకరికి పనికిరాదు. జాతరల్లో ఒకే సూదితో పదిమందికి పచ్చబొట్లు పొడిస్తే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి సోకే ప్రమాదం ఉంది. వాడేసినవాటిని సూది గుచ్చుకుపోని గట్టి డబ్బాలో వేసి, మూతపెట్టి ఆసుపత్రి వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకు ఇవ్వండి.